బొటిక్‌లో పెళ్లికొడుకు బట్టలు: ఆర్డరు నుంచి ఆఖరి ట్రయల్ దాకా

హైదరాబాదులో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లోనూ, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోనూ మగవాళ్ల దుస్తులను మాత్రమే రూపొందించి కుట్టి ఇచ్చే చిన్న డిజైనర్ బొటిక్‌లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటి స్వరూపం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ముందు గదిలో బొమ్మలకు తొడిగిన నాలుగైదు షేర్వాణీలు, బంద్‌గలాలు (మెడ దాకా గుండీలు పెట్టుకునే కోట్లు), ఒక వరుస కుర్తాలు, నిలువుటద్దం, సోఫా కనిపిస్తాయి. వెనక గదిలోనో, పై అంతస్తులోనో, కొన్నిసార్లు ఊళ్లో మరెక్కడో కటింగ్ మాస్టారు, కొద్దిమంది దర్జీలు, చట్రానికి బిగించిన బట్ట మీద జరీ, పూసల పని చేసే మగ్గం పనివారు ఉంటారు. డిజైనరే యజమాని, కొలతలు రాసుకునేదీ, బిల్లు రాసేదీ, సాయంత్రం ఫోన్ ఎత్తేదీ చాలాచోట్ల ఆ ఒక్కరే.

అక్కడ బట్టలు కుట్టించుకున్నవారి అనుభవాలను వింటే అవి రెండు కొసల్లో ఉంటాయి. కొందరు ఇంకే దుకాణమూ ఎక్కనంటారు, మరికొందరు పెళ్లినాటి ఉదయం దాకా ఫోన్లు చేస్తూనే ఉన్నామంటారు. ఇద్దరూ వెళ్లింది ఒకే దుకాణానికి కావడం కూడా అరుదేమీ కాదు. నేను గమనించినంతవరకు ఈ తేడా డిజైనర్ ప్రతిభ వల్ల వచ్చేది కాదు. ట్రయల్‌కు ఎంత సమయం మిగుల్చుకున్నారు, ఆర్డరు కాగితం మీద ఏమేమి రాయించుకున్నారు అన్న రెండు విషయాల వల్లనే వస్తుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండింటి గురించి.

అసలు బొటిక్ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. పెళ్లి పది రోజుల్లో ఉంటే రెడీమేడ్ షోరూముకు వెళ్లి, సరిపోయే దగ్గరి సైజు కొని, మంచి దర్జీ చేత ఆల్టరేషన్ చేయించుకోవడమే తెలివైన పని. ఎలాంటి బట్ట కావాలో స్పష్టంగా తెలిసి, చేతిపని ఏమీ అక్కర్లేదనుకుంటే మీ వీధిలోని పాత దర్జీ సగం ఖర్చుకే కుట్టిపెడతాడు. సంప్రదాయ తరహా షేర్వాణీ చాలనుకునేవారికి చార్మినారు దగ్గరి పత్తర్‌గట్టి ఉండనే ఉంది. నిజాముల దర్బారు దుస్తు కనుక షేర్వాణీ కోతలో ఆ వీధి పనితనాన్ని తక్కువ చేయలేము. మీ ఒంటి తీరుకు, రంగుకు, సందర్భానికి తగినట్టు ఒకరు కూర్చుని ఆలోచించి పెట్టాలనుకున్నప్పుడే బొటిక్‌కు వెళ్లాలి, ఎందుకంటే అక్కడ అదనంగా చెల్లించేది ఆ ఆలోచనకే.

ఇతరుల అనుభవాలను ఎలా చదవాలి

కొన్న రోజున రాసిన మెప్పు, ఆ దుకాణంలో టీ ఎలా ఉందో, మాటతీరు ఎలా ఉందో చెబుతుంది. బట్ట గురించి ఏమీ చెప్పదు, ఎందుకంటే అప్పటికి దాన్ని కత్తిరించనైనా లేదు. అందువల్ల ఐదు నక్షత్రాల లెక్క పక్కనపెట్టి, వేడుక జరిగిపోయాక రాసినవాటిని వెతికి చదవండి. వాటిలో ఎన్ని ట్రయల్స్ ఇచ్చారు, చెప్పిన తేదీకి ఇచ్చారా, సరిచేయడానికి మళ్లీ డబ్బులు అడిగారా, తప్పు దొర్లినప్పుడు డిజైనర్ స్వయంగా మాట్లాడారా అన్న వివరాలు దొరికితే అవి విలువైనవి. 'ధర ఎక్కువ' అన్న ఫిర్యాదును పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ధర ముందే తెలిసేది కదా. 'చెప్పిన తేదీ దాటింది' అన్న ఫిర్యాదు రెండు మూడు చోట్ల కనిపిస్తే మాత్రం అది ఆ దుకాణపు అలవాటు అనుకోవాలి. ఫిర్యాదుకు దుకాణం వారు ఇచ్చిన జవాబును కూడా చదవండి. ఫలానా రోజున రండి, సరిచేస్తాం అని రాసినవారికీ, కొనుగోలుదారుణ్ణే తప్పుపట్టినవారికీ చాలా తేడా ఉంది.

ఫొటోలను నమ్మడంలో కొంత జాగ్రత్త అవసరం. మోడల్‌కు తొడిగిన కోటును వీపు వైపు క్లిప్పులతో బిగించి ముందు నుంచి ఫొటో తీయడం ఈ వ్యాపారంలో మామూలే. నిజమైన కొనుగోలుదారు నడుస్తున్న, కూర్చుంటున్న వీడియో ఉంటే చూపించమనండి. అన్నిటికంటే మేలైన సాక్ష్యం, ఏడాది రెండేళ్ల క్రితం అక్కడ కుట్టించుకున్న బంధువుల బీరువాలో ఉంటుంది. ఆ కోటును తీయించి, ఛాతీ మీద బట్ట బుడగలు కట్టిందా, పూసలు రాలాయా, జరీ నల్లబడిందా చూడండి. మీ పేటలో నమ్మకమైన డ్రైక్లీనింగ్ ఆయన ఉంటే ఆయన్నీ ఒక మాట అడగండి. ఊళ్లోని దుకాణాలన్నిటి బట్టలనూ లోపలివైపు తిప్పి చూసేది ఆయనొక్కడే.

ముహూర్తం నుంచి వెనక్కి లెక్క

చేతిపని నిండుగా ఉన్న షేర్వాణీకి రెండు నుంచి రెండున్నర నెలలు, చేతిపని లేని బంద్‌గలాకు నెల పైన ఒక వారం, కుర్తాలకు రెండు వారాలు పెట్టుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఇది దుకాణం వారు చెప్పే గడువు కంటే ఎక్కువే. ఆ ఎక్కువంతా ట్రయల్స్ కోసం. ఆఖరి ట్రయల్ పెళ్లికి కనీసం పది రోజుల ముందు అయిపోవాలి. మరీ ముందు చేసినా ఇబ్బందే, ఎందుకంటే పెళ్లి నిశ్చయమైన కుర్రవాళ్లు జిమ్‌కు వెళ్లి నడుము తగ్గించుకుంటారు, లేదా విందులకు వెళ్లి పెంచుకుంటారు. బరువు తగ్గాలనే ఆలోచన ఉంటే కొలతలకు ముందే ఆ సంగతి డిజైనర్‌కు చెప్పండి.

మన క్యాలెండరు కూడా ఈ వ్యాపారాన్ని నడిపిస్తుంది. మూఢం వెళ్లగానే, శ్రావణం రాగానే, మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖంలో దుకాణాలు కిటకిటలాడతాయి. ఆషాఢంలో డిజైనర్ మీతో గంటసేపు కూర్చుని మాట్లాడగలరు, పనివారి చేతులు కూడా ఖాళీగా ఉంటాయి. శ్రావణంలో పెళ్లి ఉన్నవారు జ్యేష్ఠం చివరనే బట్ట ఎంచుకుని, ఆషాఢంలో పని చేయించుకోవడం చాలా లాభం. చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. మీ షేర్వాణీ కాలర్ మీద పనిచేసే మగ్గం పనివారే పెళ్లికూతుళ్ల జాకెట్లకు కూడా పనిచేస్తుంటారు. సీజన్‌లో ఆ జాకెట్ల ఒత్తిడి ముందు మగవాళ్ల బట్టలు వెనక్కి పోతాయి.

మొదటిసారి వెళ్లినప్పుడు

సెలవురోజు సాయంత్రం కాకుండా, మామూలు రోజున దుకాణం తెరిచిన కాసేపటికి వెళ్లండి. మీకు చక్కగా సరిపోయే ఒక చొక్కా, ఆ రోజు వేసుకోబోయే చెప్పులు లేదా బూట్లు, పెళ్లికూతురి చీర రంగు తెలిసేలా పగటి వెలుతురులో తీసిన ఫొటో, వీలైతే ఆ చీర జాకెట్టు ముక్క తీసుకువెళ్లండి. వెంట ఒక్కరు చాలు. ఆరుగురు వెళితే ఆరు అభిప్రాయాలు వస్తాయి, చివరికి ఎవరికీ అభ్యంతరం లేనిదే మిగులుతుంది.

ఏ వేడుకకు ఏది వేసుకుంటారో ముందే రాసుకోండి. మన ఇళ్లలో ముహూర్తానికి పంచె, ఉత్తరీయమే ఎక్కువ, షేర్వాణీ లేదా బంద్‌గలా రిసెప్షన్‌కు, కుర్తా మెహందీకో సంగీత్‌కో పోతుంది. కాబట్టి ఖర్చంతా షేర్వాణీ మీద పెట్టే ముందు, పెళ్లి తరువాత దాన్ని మళ్లీ ఎప్పుడు తొడుగుతారో ఆలోచించడం మంచిది. నా మట్టుకు ముదురు రంగు బంద్‌గలాయే మంచి బేరం, ఎందుకంటే దాన్ని మామూలు ప్యాంటు మీద తరువాత ఎన్నో ఫంక్షన్లకు వేసుకోవచ్చు. డిజైనర్లు సహజంగా షేర్వాణీ వైపే మొగ్గు చూపుతారు.

బడ్జెట్ దాచుకోకండి. అంకె ముందే చెబితే మంచి డిజైనర్ ఆ అంకెలో పనితనాన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తగ్గించాలో చెప్పగలరు. వీపంతా పని చేయించే బదులు కాలర్, ముంజేతులకు పరిమితం చేయడం వంటి సలహాలు అప్పుడే వస్తాయి. ఆ తరువాత సూటిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి: కత్తిరించేది ఎవరు, ఎక్కడ కుడతారు, ట్రయల్ రోజున మాస్టారు ఇక్కడికి వస్తారా, ధరలో ఎన్ని ట్రయల్స్ ఉన్నాయి. మాస్టారిని ఎప్పటికీ కలవనివ్వని చోట మీ మాట చేతులు మారి ఆయనకు చేరేసరికి సగమే మిగులుతుంది.

తరువాత బొమ్మకు తొడిగిన కోటును తీసి లోపలివైపు తిప్పి చూపించమని అడగండి. మంచి దుకాణంవారు దీన్ని సంతోషంగా చూపిస్తారు. వీపు మధ్య కుట్టు దగ్గర, పక్క కుట్ల దగ్గర వదిలిన మార్జిన్ కనీసం ఒక అంగుళమైనా ఉండాలి, ప్యాంటు సీటు దగ్గర ఇంకా ఎక్కువ ఉండాలి. ఆ మార్జిన్ లేకపోతే రేపు వదులు చేయడానికి గుడ్డే ఉండదు. లైనింగ్ బిగుతుగా లాగి కుట్టి ఉండకూడదు, వీపు మధ్యలో చిన్న కుచ్చు వదిలి ఉంటే చేతులు ముందుకు చాచినప్పుడు చిరగదు. కాజాల అంచుల్లో దారప్పోగులు లేచి ఉన్నాయా, మగ్గం పని వెనక ముడులు విడిపోకుండా లోపలి గుడ్డతో కప్పారా అన్నది కూడా చూడండి. ఇప్పుడు ఛాతీ భాగంలో పైబట్టను ఒక చేతి వేళ్లతో, లైనింగ్‌ను మరో చేతి వేళ్లతో పట్టి మెల్లగా విడదీయండి. మధ్యలో మూడో పొర ఒకటి విడిగా కదులుతున్నట్టు తగిలితే అది కాన్వాస్, అంటే కోటుకు ఆకారం ఇచ్చే విడి గుడ్డ. పైబట్టే అట్టలా బిగిసి, మధ్యలో ఏమీ తగలకపోతే అది జిగురుతో అతికించిన ఫ్యూజింగ్. ఫ్యూజింగ్ వేయడం మోసమేమీ కాదు, తేలికైన కోటుకు అది చాలు. అయితే నాణ్యత లేని ఫ్యూజింగ్ కొన్ని డ్రైక్లీనింగుల తరువాత ఊడిపోయి పైబట్ట మీద బుడగలుగా లేస్తుంది. కాన్వాస్ ధర చెప్పి ఫ్యూజింగ్ వేయడమే మోసం.

బట్ట ఎంపిక

'రా సిల్క్' అన్న మాట కింద పట్టు నుంచి పాలియెస్టర్ దాకా అన్నీ అమ్ముడవుతుంటాయి. పట్టు ధర అడుగుతుంటే, కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సిల్క్ మార్క్ లేబుల్ ఉందేమో అడగండి. థాను నుంచి కోసిన బట్టకు లేబుల్ దొరకడం కష్టమే కనుక, అంచు నుంచి రెండు పోగులు లాగి నిప్పు అంటించి చూడవచ్చు. పట్టు పోగు వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్లతో నలిపితే పొడి అయిపోతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది. నిలువు పోగూ, అడ్డు పోగూ రెండూ పరీక్షించాలి, ఎందుకంటే ఒక వైపు పట్టు, మరో వైపు కృత్రిమ దారం ఉండే మిశ్రమాలు చాలా ఉన్నాయి.

చేనేత బట్టతో కోటు, కుర్తా కుట్టించడం మన డిజైనర్లు ఎక్కువగా చేస్తున్న మంచి పని, కానీ దానికి కొన్ని లెక్కలున్నాయి. పోచంపల్లి ఇక్కత్‌ను ముందు భాగంలో గుండీల పట్టీ దగ్గర, జేబు దగ్గర డిజైన్ కలిసేలా కత్తిరించాలంటే మామూలు కంటే ఎక్కువ బట్ట పడుతుంది, ఆ అదనపు మీటరు ధర ముందే అడగండి. కలపడం కుదరదని చెబితే పోనీ జేబు మానేయమనండి, తెగిపోయిన డిజైన్ కంటే అదే నయం. మంగళగిరి నూలు బట్టను కుర్తాకు కత్తిరించే ముందు నీళ్లలో తడిపి ఆరబెట్టాలి. ఆ పని చేయని దుకాణంలో కుట్టిన కుర్తా మొదటి ఉతుకుకే చేతుల దగ్గర పొట్టిదవుతుంది. పొందూరు ఖద్దరు లాల్చీకి, పంచెకు చాలా బాగుంటుంది, బిగుతు కోటుకు మాత్రం అది తగదు.

వాతావరణం సంగతి చెప్పనక్కర్లేదు కానీ, వైశాఖంలో విజయవాడ కల్యాణ మండపంలో వెల్వెట్ షేర్వాణీ తొడుక్కున్న పెళ్లికొడుకులు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. అసలు ఉక్కపోత పైబట్ట కంటే లైనింగ్ వల్లే ఎక్కువ. పాలియెస్టర్ అస్తరు బదులు మల్లు గుడ్డో విస్కోసో వేయమని అడిగితే ఖర్చులో పెద్ద తేడా రాదు. ముంజేతుల లైనింగ్ మాత్రం నున్నగానే ఉండాలి, లేకపోతే చొక్కా చేతులు లోపల ముడుచుకుపోతాయి.

కొలతలు

పలుచని చొక్కా వేసుకుని వెళ్లండి, జేబుల్లోని ఫోన్, పర్సు తీసి పక్కన పెట్టండి, మామూలుగా నిలబడే తీరులోనే నిలబడండి. టేపు పెట్టగానే పొట్ట లోపలికి లాక్కోవడం, ఛాతీ విరుచుకోవడం అందరూ చేసేదే, కానీ ఆ కొలతతో కుట్టిన కోటు ఊపిరి వదలగానే గుండీల దగ్గర సాగుతుంది. టేపు అంకె చూడాలని తల వంచినా వీపు పొడుగు మారిపోతుంది, కాబట్టి ఎదురుగా చూస్తూ నిలబడాలి.

ఒంటి కొలత, బట్ట కొలత వేరువేరు. ఛాతీ నలభై అంగుళాలు ఉన్నవారికి బంద్‌గలా నలభైమూడు, నలభైనాలుగు దాకా, కుర్తా ఇంకో రెండంగుళాలు వదులుగా వస్తుంది. కాగితం మీద రాసిన అంకె ఏ కొలతో అడిగి, దాని పక్కనే రాయించండి. డిజైనర్ ఒంటి కొలత రాసి, మాస్టారు దాన్ని బట్ట కొలత అనుకుని కత్తిరించిన సందర్భాలు ఈ వ్యాపారంలో ఎవరిని అడిగినా చెబుతారు. మంచి మాస్టారు అంకెలతో పాటు ఒక భుజం దిగువగా ఉంది, వీపు కొంచెం వంగి ఉంది, పొట్ట ముందుకు ఉంది అని కూడా రాసుకుంటారు. అలాంటి మాట మీ ముందే అంటే నొచ్చుకోకండి, మీ కోటు బాగా రాబోతోందని దానికి అర్థం.

చేతి పొడుగు మణికట్టు ఎముక దాకా రావాలి. షేర్వాణీ పొడుగు మోకాలి చుట్టుపక్కల ఉంటుంది, పొట్టిగా ఉన్నవారికి మోకాలికి కొంచెం పైన ఆగితే కాళ్లు పొడుగ్గా కనిపిస్తాయి. చుడీదార్ పైజామా వేసుకునేవారు చీలమండ దగ్గర ముడతల కోసం అదనపు పొడుగు పెట్టించుకోవాలి. పీటల మీద కూర్చునే పని ఉన్న దుస్తుకు మీరు బాసిపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు తొడ, సీటు కొలతలు తీయమనండి. నిలబడి తీసిన కొలత అక్కడ పనికిరాదు. కొలతలు పూర్తయ్యాక ఆ కార్డును ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఆర్డరు కాగితం

నోటిమాట ఎంత మర్యాదగా ఉన్నా కాగితానికి సాటిరాదు. బట్ట పేరు, రంగు, ఎన్ని మీటర్లు, లైనింగ్ ఏమిటి, కాన్వాసా ఫ్యూజింగా, పని ఎక్కడెక్కడ, గుండీలు ఏ రకం, షేర్వాణీతో పాటు పైజామా, దుపట్టా ధరలో ఉన్నాయా లేదా, ఇవన్నీ రాయించాలి. మొదటి ట్రయల్ తేదీ, రెండో ట్రయల్ తేదీ, ఇచ్చే తేదీ వేరువేరుగా రాయించడం అన్నిటికంటే ముఖ్యం. ఒకే తేదీ రాస్తే ట్రయల్, డెలివరీ రెండూ ఆ రోజే జరుగుతాయి. తరువాత డిజైన్‌లో ఏ మార్పు చేసినా దాని ధర మీరు మెసేజ్‌లో ఒప్పుకున్నాకే చేయాలని ఒక వాక్యం చేర్చండి. మిగిలిన బట్ట మీకే తిరిగి ఇవ్వాలని కూడా రాయించండి.

ధర చెప్పినప్పుడు జీఎస్టీ కలిపా, వేరేనా అని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో దుస్తు ధర రూ. 2,500 వరకు ఉంటే 5 శాతం, దాటితే 18 శాతం పన్ను పడుతోంది. ఇరవైనాలుగు వేల కోటుకు పన్ను వేరే అంటే ఇంకో రూ. 4,320 కలుస్తుంది. బిల్లు లేకపోతే తగ్గిస్తామని కొందరు అంటారు. ఆ తగ్గింపు తీసుకున్నవారికి గొడవ వస్తే చూపించడానికి ఏమీ ఉండదు.

అడ్వాన్సు సగం అడగడం మామూలే, బట్ట కొనాలి కనుక అది న్యాయమే. రెండో విడత మొదటి ట్రయల్ అయ్యాక ఇచ్చి, కనీసం పావు వంతు డెలివరీ దాకా మీ దగ్గరే ఉంచుకునేలా మాట్లాడుకోండి.

ట్రయల్స్

మగ్గం పని, జర్దోసీ పని బట్టను కుట్టకముందే, పరిచిన ముక్కల మీద చేస్తారు. అంటే పని పూర్తయ్యాక భుజం తప్పిందని తెలిస్తే ఆ ముక్కను కత్తిరించలేరు, పూసలు, జరీ అంతా తెగిపోతుంది. అందువల్ల పని ఎక్కువగా ఉన్న షేర్వాణీకి ముందు కోరా గుడ్డతో ఒక నమూనా కుట్టి, దాన్ని మీ ఒంటి మీద సరిచేసి, ఆ తరువాతే అసలు బట్ట మీద పని మొదలుపెట్టమని అడగాలి. దీనికి కొంత అదనంగా తీసుకున్నా ఇవ్వండి. మొత్తం ఖర్చులో ఇంత ప్రయోజనం ఇచ్చే డబ్బు మరొకటి లేదు. పని లేని కోటుకు కచ్చా కుట్టుతో, అంటే తరువాత విప్పేసే తాత్కాలిక కుట్టుతో, మొదటి ట్రయల్ చాలు.

అద్దం ముందు నిలబడగానే అందరి చూపూ పొడుగు మీదికి, పని మీదికి పోతుంది. అవి ఆఖరున చూడాల్సినవి. మొదట భుజం చూడండి, ఎందుకంటే సరిచేయడానికి అన్నిటికంటే కష్టమైనది అదే. భుజం కుట్టు మీ భుజం ఎముక అంచున ఆగాలి. తరువాత కాలర్: నిలబడ్డప్పుడు మెడను ఆనుకుని ఉండాలి, ఒక వేలు దూరేంత చోటు ఉండాలి. తరువాత ఛాతీ, చంక, వీపు. పొడుగు, చేతి పొడుగు తగ్గించడం మాస్టారికి అరగంట పని.

ముడతలు ఎక్కడ తప్పుందో చెప్పేస్తాయి. గుండీ దగ్గర నుంచి రెండు పక్కలకూ అడ్డంగా గీతలు లాగితే అక్కడ బిగుతు. వీపు మీద నిలువు మడతలు పడితే వదులు ఎక్కువ. కాలర్ కింద వీపు మీద అడ్డంగా ఒక మడత నిలిస్తే వీపు పొడుగు ఎక్కువైందని లేదా భుజం వాలు కలవలేదని అనుకోవచ్చు. భుజం నుంచి చంక వైపు ఏటవాలుగా గీతలు వస్తే ఆ భుజం వాలు సరిచూడాలి. వీపు మీకు కనబడదు కనుక వెంట వచ్చినవారి చేత వెనక నుంచి ఫొటో తీయించండి.

తరువాత ఆ రోజు చేయబోయే పనులన్నీ అక్కడే చేసి చూడండి. ముహూర్తానికే షేర్వాణీ వేసుకునేవారు మూడు ముళ్లు వేసేందుకు చేతులు ముందుకు చాచి ఎత్తాలి, దండ వేయాలి, తలంబ్రాలు పోయాలి, పెద్దల కాళ్లకు నమస్కారం పెట్టాలి, ఫొటోల కోసం గంటలకొద్దీ నిలబడాలి. చేతులు ఎత్తగానే కోటంతా పైకి లేస్తే చంక గొయ్యి మరీ కిందికి కోశారని అర్థం. ఇలాంటప్పుడు 'మాస్టారూ, అర అంగుళం వదలండి' అని మందు మీరే చెప్పకండి. 'మాస్టారూ, చేతులు ఎత్తితే కాలర్ మెడకు కోసుకుంటోంది, కోటు పైకి లేస్తోంది, ఒకసారి చూడండి' అని బాధ మాత్రమే చెప్పండి. ఎక్కడ ఎంత మార్చాలో ఆయనకే బాగా తెలుసు. ఆయన సుద్దతో గుర్తులు పెట్టేదాకా కోటు విప్పకండి, పెట్టిన ప్రతి మార్పునూ కాగితం మీద రాయించండి. సుద్ద గుర్తు ఒక్క ఇస్త్రీతో చెరిగిపోతుంది.

రెండో ట్రయల్‌కు లోపల వేసుకునే బనియను, బూట్లు, వీలైతే తలపాగా కూడా ఉండాలి. అప్పుడు చూడాల్సినవి చిన్నవే అయినా ఆ రోజు పట్టి పీడించేవి. కాలర్ అంచున జరీ మెడకు గుచ్చుకుంటుంటే లోపల మెత్తని మల్లు గుడ్డ పట్టీ వేయమనాలి. ముంజేతి మీద కుందన్లు, పూసలు మొనదేలి ఉంటే పక్కన కూర్చునే పెళ్లికూతురి చీర పోగులు లాగేస్తాయి, వాటిని తాకి చూసి, అవసరమైతే తీయించేయండి. లేత రంగు దుస్తు అయితే తలంబ్రాల పసుపు మరక గురించి అప్పుడే మాట్లాడుకోండి, పట్టు మీద పసుపు పోదు. ఫోన్ పెట్టుకోవడానికి లోపలి జేబు ఒకటి ఉండటం మంచిదే కానీ అది ఛాతీ మీద ఉబ్బుగా కనబడని చోట ఉండాలి. స్టేజీ దీపాల కింద ఎలా కనిపిస్తుందో తెలియడానికి ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూడండి. పలుచని తెల్ల కుర్తాలు అక్కడే లోపలిదంతా చూపించేస్తాయి.

అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి ఆర్డరు చేసే మనవాళ్లు కొలతలు వీడియో కాల్‌లో చెప్పే బదులు, బాగా సరిపోయే ఒక కోటును, ఒక ప్యాంటును ఇంటికి వచ్చేవారి చేత పంపితే మంచిది. 'మా తమ్ముడిదీ నాదీ ఒకటే సైజు, వాడికి తొడిగి చూడండి బావా' అన్న పద్ధతి భుజాల దగ్గర దెబ్బతింటుంది. విమానం దిగాక ట్రయల్‌కు కనీసం వారం ఉండేలా టికెట్ తీసుకోవడం, బట్టల మార్జిన్లు మామూలు కంటే ఎక్కువ వదలమని చెప్పడం తప్పనిసరి.

తీసుకునేటప్పుడు, తేడా వస్తే

డెలివరీ రోజున కవరు కట్టేసిన బట్టను అలాగే పట్టుకుని వచ్చేయకండి. వేసుకుని చూసి, గుండీలు, హుక్కులు, నాడా, కాజాలు పరీక్షించి, రెండు విడి గుండీలు, కొన్ని పూసలు, అదే రంగు దారం, మిగిలిన బట్ట తీసుకోండి. మిగతా డబ్బు అప్పుడు ఇవ్వండి.

తప్పు కనిపిస్తే ముందు డిజైనర్‌తోనే మాట్లాడాలి. చిన్న దుకాణానికి పేరే పెట్టుబడి కనుక చాలామంది సరిచేసి ఇస్తారు. మీ గొంతు పెంచకుండా, ఏ కుట్టు దగ్గర ఏముందో చూపించి, ఎప్పటికి సరిచేస్తారో తేదీ అడిగి, అదే విషయాన్ని మెసేజ్‌గా పంపండి. కొలత కార్డు ఫొటో, ఆర్డరు కాగితం మీ దగ్గర ఉంటే వాదన చాలా త్వరగా ముగుస్తుంది.

అప్పటికీ వినకపోతే చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. 'అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు, మీరు మనసు మార్చుకున్న సందర్భంలో పనికొస్తుందేమో కానీ, తప్పు కోతకు, నకిలీ పట్టుకు రక్షణ కాదు. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే అక్కడ రుసుము కూడా ఉండదు. ఇవన్నీ పెళ్లి తరువాతి పనులు. పెళ్లి ముందు వారం రోజులు మాత్రం మంచి దర్జీని వెతుక్కోవడానికే ఉపయోగించండి.

వేడుక అయ్యాక షేర్వాణీని ప్లాస్టిక్ కవరులో ఉంచకుండా నూలు సంచిలో వేయండి, పని బరువుగా ఉంటే హ్యాంగరుకు తగిలించకుండా జరీ మీద మెత్తని నూలు గుడ్డ పరిచి మడిచి పెట్టండి. దుకాణంలో మీ పేరు మీద ఉన్న కొలత కార్డును, కాగితం నమూనాను పారేయవద్దని చెప్పి, కార్డు మీద సరిచేసిన అంకెలు ఎక్కించారో లేదో చూసుకోండి. ట్రయల్‌లో మార్చిన కొలతలు చాలాచోట్ల బట్ట మీదే ఉండిపోతాయి, కార్డు మీదికి ఎక్కవు. తరువాతి కుర్తాకు పాత కార్డు చూసి కత్తిరిస్తే మళ్లీ అదే భుజం, అదే తప్పు.